ఫలితం రాకముందే కృతజ్ఞత

మొన్న ఉదయం స్వోర్డ్స్ అనే ఊరి నుంచి సిటీకి వెళ్ళే బస్సులో నా ముందు సీట్లో ఒకమ్మాయి కూర్చుంది. నూనె రాసి బిగించి వేసిన జడ చూస్తేనే మనవాళ్ళ పిల్ల అని తెలిసిపోతోంది. ఒళ్ళో అన్నం డబ్బా సంచి. కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తోంది. ప్రార్థన చేసుకుంటోందేమో, వినకూడదు అనుకున్నాను. అనుకుంటూనే ముందుకు వంగి విన్నాను, నా బుద్ధి అలాంటిది. "లై, లే, లెయిన్. లే, లెయిడ్, లెయిడ్. రైజ్, రోజ్, రిజెన్. రేజ్, రేజ్డ్, రేజ్డ్." ఎక్కాలు అప్పజెప్పే రాగం. పడుకోవడానికి ఒక మాట, పడుకోబెట్టడానికి దాదాపు అలాగే వినిపించే ఇంకో మాట. లేవడానికి ఒకటి, లేపడానికి ఇంకొకటి. ఏదో ఇంగ్లిష్ పరీక్షకు కట్టినట్టుంది.

అంతే, నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. వెనక్కి నడిచి ఆఫీసుకు ఆలస్యంగా చేరాను. చేరాక కూర్చోలేకపోయాను. టీ పెట్టుకుందామని లేచాను, పెట్టుకోకుండానే తిరిగొచ్చాను, మళ్ళీ లేచాను. పక్క సీటతను "ఆర్ యూ గ్రాండ్?" అని అడిగితే "గ్రాండ్" అన్నాను. బాగున్నాననడానికి ఈ దేశంలో ఆ ఒక్క మాట వస్తే సగం సంభాషణలు గట్టెక్కుతాయి. సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా కాలు ఒకచోట నిలవలేదు. అందుకే ఇది రాస్తున్నాను. రాస్తున్నంతసేపైనా కుదురుగా ఉంటానేమో చూడాలి.

ఆ రాగం మా ఇంట్లోది. నా చిన్నప్పుడు మేము డ్రోహెడాలో ఉండేవాళ్ళం. ఇప్పుడు అక్కడ ఏ సూపర్ మార్కెట్‌కు వెళ్ళినా తెలుగు చెవిన పడుతుంది. అప్పుడు తెలుగిళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అందరం ఒకరికొకరం తెలుసు కాబట్టి పేర్లతో పని ఉండేది కాదు. ఊరి పేరే పిలుపు. స్వోర్డ్స్ ఆంటీ, మెయ్‌నూత్ అంకుల్. మేము అందరికీ డ్రోహెడావాళ్ళం. నెలకో శనివారం ఒకరింట్లో ప్రార్థన కూడిక, ఆ తర్వాత భోజనాలు. పిల్లలం మేము భోజనాల కోసం ప్రార్థనను ఓపిక పట్టేవాళ్ళం.

అమ్మ గుంటూరులో ఆపరేషన్ థియేటర్లో స్టాఫ్ నర్సు. ఇక్కడ కేరర్, అంటే ఆయా లాంటి పని. నర్సింగ్ హోమ్‌లో పని అంటే గుంటూరు చుట్టాలు గొప్పగా చెప్పుకునేవాళ్ళు గానీ, ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గరిలా చిన్న ఆసుపత్రి కాదు. ముసలివాళ్ళను పెట్టుకుని చూసుకునే ఇల్లు. ఇంగ్లిష్ పరీక్ష పాసైతేనే అమ్మను నర్సుగా తీసుకుంటారు. అప్పటికే ఆ పరీక్ష రెండుసార్లు రాసింది. వినడం, చదవడం, మాట్లాడటం, మూడూ గట్టెక్కేవి. రాయడం దగ్గర అరమార్కు తక్కువై ఆగిపోయేది. నాన్న గుంటూరులో జిరాక్స్ కొట్టు నడిపిన మనిషి, ఇక్కడ పుట్టగొడుగుల షెడ్డులో కోత పని. ఆయన ఇంట్లోకి వస్తే ముందు తడి ఎరువు వాసన వచ్చేది, వెనక ఆయన వచ్చేవారు. జీవితంలో మళ్ళీ పుట్టగొడుగు నోట పెట్టనని ఒట్టు పెట్టుకున్నారు.

ఇదంతా ఎందుకంటే, మా తమ్ముడి కోసం. మేము ఇక్కడికి వచ్చేటప్పుడు వాడికి ఏడాదిన్నర. అమ్మానాన్నలిద్దరూ డ్యూటీలకు పోతే చూసుకునే దిక్కు లేదని వాణ్ణి గుంటూరులో పిన్ని దగ్గర వదిలి వచ్చాం. పిన్ని అంటే అమ్మ సొంత చెల్లెలు. ఆమెకు పిల్లలు లేరు. అమ్మ నర్సయితే నాన్న షెడ్డు మానేసి ఇంట్లో ఉంటారు, అప్పుడు తమ్ముణ్ణి తెచ్చుకోవచ్చు. మా ఇంట్లో ప్రతి మాటా ఆ "అప్పుడు" దగ్గరికే పోయి ఆగేది.

దాంతో మా ఇంట్లో ఎవరికీ కుదురు ఉండేది కాదు. అమ్మ చదివేది కాదు, తిరిగేది. వంటింట్లో నుంచి హాల్లోకి, హాల్లో నుంచి మెట్ల దాకా, మళ్ళీ వెనక్కి. వెల్లుల్లి దంచుతూ దెబ్బకొక మాట, "రైజ్, రోజ్, రిజెన్." ఈ జంట మాటల గొడవ మొదలైంది మాత్రం అమ్మ పనిచేసే చోట. ఒక పెద్దాయన పొద్దుటి నుంచి మంచం దిగలేదని రోజువారీ రిపోర్టులో రాయబోయి, అమ్మ "లే డౌన్" కు బదులు "లెయిడ్" అని రాసింది. కోడి గుడ్డు పెట్టడానికి కూడా అదే మాట. అది చదివిన నర్సు నవ్వి, "అవునా, ఎన్ని గుడ్లు పెట్టాడు?" అన్నదట. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వాననే చెప్పింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవటం నేను చూడటం అదే మొదలు, నాకు చాలా భయం వేసింది.

ఆ తర్వాత ఆ మాటల మీద అమ్మకు పంతం పట్టుకుంది. పక్కింట్లో ఒకావిడ ఒంటరిగా ఉండేది. రిటైరైన పోస్టాఫీసు ఉద్యోగి. భర్త పోయి చాలా కాలం. ఆంటీ అని పిలిస్తే "నేనెవరికీ ఆంటీని కాదు" అని కసురుకునేది, అయినా ఊరుకోకుండా వచ్చి కూర్చునేది. ఆవిడే అమ్మకు పంతులమ్మ. ఆవిడ పద్ధతి ఏమిటంటే పుస్తకం ముట్టుకోకూడదు, మాటను చేసి చూపించాలి. లై అని చెప్పి డెబ్భై ఏళ్ళ వయసులో మా కార్పెట్ మీద వెల్లకిలా పడుకునేది. లే అని చెప్పి మా అమ్మ చేతిలోని దుప్పటి లాగి నేల మీద పరిచేది. లేవడానికి మాత్రం ఇద్దరం చెరో చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేది, అప్పుడు "ఇదీ రేజ్" అనేది.

"అసలు మేమే ఇవన్నీ తప్పుగా అంటాం, పెట్. మా అమ్మ జన్మలో ఒక్కసారి సరిగ్గా అనలేదు. ఎవరూ చచ్చిపోలేదు," అని కూడా చెప్పేది. పెట్ అన్నది ఆవిడ ముద్దుపిలుపు.

"వాళ్ళు తప్పంటే వాడుక. మనం అంటే ఫెయిలు," అనేది అమ్మ తెలుగులో, నాతో.

ఆ పాఠాలను నేను ఆటగా మార్చుకున్నాను. షెడ్డు నుంచి వచ్చి సోఫాలో వాలిన నాన్నకు ఆజ్ఞలిచ్చేదాన్ని. "నాన్నా, లై!" అంటే పడుకునేవారు. "నాన్నా, లే!" అంటే తెలుగు లెక్కన ఉలిక్కిపడి లేచి నిలబడేవారు. అది తప్పని నేను గోల. "నా పెళ్ళానికి పరీక్ష, నాకెందుకే ఈ గుంజిళ్ళు?" అని విసుక్కుంటూనే మళ్ళీ పడుకునేవారు, మళ్ళీ లేచేవారు. అమ్మ వంటింట్లో నుంచి నవ్వు ఆపుకోవడం మాకు వినిపించేది. ఆమెను నవ్వించడానికే ఆయన కావాలని తప్పు చేసేవారని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ ఇల్లు తలుచుకుంటే ముందు ముక్కుకు తగిలేది హాట్ ప్రెస్. ఇక్కడ బీరువాను ప్రెస్ అంటారు. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అర హాట్ ప్రెస్. లోకమంతా అందులో తువ్వాళ్ళు ఆరబెట్టుకుంటుంది. మేము పెరుగు తోడుపెట్టేవాళ్ళం. ఇడ్లీ పిండి కూడా అందులోనే పులిసేది. అందుకే మా తువ్వాళ్ళకు ఎప్పుడూ పుల్లటి వాసన. ఒకసారి ఇల్లు చూసుకోవడానికి వచ్చిన ఓనరు హాట్ ప్రెస్ తలుపు తీసి, పొంగి కారుతున్న పిండిని చూసి, పైపు పగిలిందనుకుని ప్లంబరుకు ఫోను చేశాడు. నాన్న సర్ది చెప్పేసరికి ఆ ప్లంబరు రానే వచ్చాడు, వచ్చినవాడు ఇడ్లీలు తిని వెళ్ళాడు.

ఇంకోసారి పక్కింటావిడ తన పెరట్లోని రూబార్బ్ ఇంత కట్ట ఆకులతో సహా తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళింది. అమ్మ వాటిని చూసి మురిసిపోయింది. ఎర్రటి కాడ, పచ్చటి ఆకు, కొరికితే పులుపు. గోంగూరకు అన్నలా ఉంది. గోంగూరను ఏం చేస్తామో అదే చేసింది. ఆకులన్నీ వలిచి కడిగి పెట్టింది, కాడలన్నీ చెత్తబుట్టలో వేసింది. పోపు చిటపటలాడుతుండగా ఎప్పుడో మాకిచ్చిన తన గిన్నె కోసం పక్కింటావిడ వచ్చింది. ఆ ఆకుల గుట్టను చూసి వేసిన కేకకు నేను కుర్చీ మీద నుంచి జారాను. ఆకు విషమట! తినాల్సింది కాడేనట! ఆవిడే చెత్తబుట్టలో చెయ్యి పెట్టి కాడలు ఏరింది. ఆ కాడలతో అమ్మ ఎండుమిరపకాయలు వేసి పచ్చడి చేసింది. అది రుచి చూసిన పక్కింటావిడ అరలీటరు పాలు తాగి, "లవ్లీ" అని కన్నీళ్ళు తుడుచుకుంది.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఇలా నవ్వుగా ఉండేవి కావు. ఆ వేళకు గుంటూరులో రాత్రి భోజనాలవుతాయి. కంప్యూటర్ ముందు మేం ముగ్గురం ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. అవతల పిన్ని ఒళ్ళో తమ్ముడు. చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని పక్కకు చూస్తుండేవాడు. అప్పటికి వాడికి నాలుగేళ్ళు.

"చూడు నాన్నా, ఎవరు? అమ్మరా. అమ్మా అను," అనేది పిన్ని.

వాడు పిన్ని మొహం వంక చూసేవాడు. తాను అమ్మ ఒళ్ళోనే ఉన్నానని చెబుతున్నట్టు చూసేవాడు. ఒక ఆదివారం ఎంత బతిమాలినా పలక్కపోతే, పిన్ని బుగ్గ పట్టుకుని తెర వైపు తిప్పింది. వాడు మర్యాదగా, బడిలో నేర్పినట్టు, "నమస్తే ఆంటీ" అన్నాడు.

పిన్ని మొహం పాలిపోయింది. "ఏదో సరదాకి అన్నాడక్కా, పిల్లముండాకొడుకు," అంది గబగబా.

"ఏం కాదులేవే," అంది అమ్మ. ఆ రోజు డ్యూటీ లేకపోయినా యూనిఫాం తీసి ఇస్త్రీ మొదలుపెట్టింది. ఇస్త్రీ చేసిందే మళ్ళీ చేసింది. నేను పక్కన కూర్చుని జంట మాటలు అడుగుతుంటే జవాబు చెప్పకుండా, "మన భాషలో ఈ తిప్పలు లేవే," అంది. "పడుకోవటం, పడుకోబెట్టటం. కూర్చోవటం, కూర్చోబెట్టటం. తినటం, తినిపించటం. తనంతట తాను చేసేది ఒకటి, ఇంకొకళ్ళ చేత చేయించేది ఒకటి. అంతేగా. రోజంతా నేను చేసేది ఆ రెండోదే." ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఎవురెవురినో పడుకోబెడతన్నా," అంది. నేను పక్క పేజీ తిప్పాను.

మూడోసారి పరీక్ష రాసింది. ఫలితం రావడానికి ముందు వారం ఇంటి పరిస్థితి చెప్పనలవి కాదు. నాన్న టీలో ఉప్పు వేసుకున్నారు. నేను పుస్తకాల సంచి మరిచి, తమ్ముడి కోసం కొని దాచిన బొమ్మ బడికి పట్టుకుపోయాను. అప్పుడు దిగింది స్వోర్డ్స్ ఆంటీ. కూడికకు పెద్ద దిక్కు ఆమే. సిటీలో పెద్ద ఆసుపత్రిలో నర్సు, మాట కచ్చితం, గొంతు పెద్దది. మా సోఫాలో కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఒకే మాట అంది.

"ఈసారి మీ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టండి చెల్లీ."

"ఫలితం రానియ్యండక్కా. వచ్చినాక పెట్టుకుందాం."

"వచ్చినాక ఎవరైనా పెడతారు. రాకముందు పెడితే అదీ విశ్వాసం. పొందుకున్నామని నమ్మి ముందే స్తుతి చెల్లించాల. పోయినసారి నువ్వు అట్టా చేయలేదు. అందుకే అయింది అట్టా."

ఆ చివరి మాట అమ్మకు గుచ్చుకుంది. తప్పింది రాయడం రాక కాదు, నమ్మకం చాలక అన్నమాట. మా వాళ్ళలో ఇది మామూలే. ఉద్యోగం రాకముందే, ఇల్లు దొరక్కముందే, కడుపు పండక ముందే కృతజ్ఞత చెప్పేసి, దేవుడికి వెనక్కి తగ్గే దారి లేకుండా చెయ్యడం. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న కార్పెట్ వైపు చూశారు. శనివారం మధ్యాహ్నానికి ఖాయమైపోయింది. శుక్రవారమే ఫలితం వస్తుందని ఆంటీ ధీమా.

శుక్రవారం రాలేదు. శనివారం పొద్దున్నే అమ్మ బిరియానీకి ఉల్లిపాయలు వేయించడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఉల్లిపాయ వేయిస్తే పొగ అలారం మోగుతుంది. అందుకని నాన్న కుర్చీ ఎక్కి దానికి ప్లాస్టిక్ కవరు తొడిగారు. కిటికీలన్నీ తీసేశాం. చలి, నూనె వాసన, పుదీనా వాసన ఇల్లంతా కలగలిసి తిరుగుతున్నాయి. నాన్న కుర్చీ దిగి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళారు. అప్పటికి పొద్దుటి నుంచి ఎన్నోసార్లు వెళ్ళారు. ఈసారి వెళ్ళినవారు తిరిగి రాలేదు.

నేను వెళ్ళి చూశాను. మూడు బాగానే ఉన్నాయి. నాలుగోది, రాయడం, మళ్ళీ అరమార్కు తక్కువ. నాన్న తెర ఆపేసి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ ఆయన మొహం చూసింది, గరిటె నా చేతికిచ్చింది. "మాడతయ్యే, కలుపు," అని వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. చెత్త డబ్బాల పక్కన గోడకు చెయ్యి ఆన్చి నిలబడింది. ఎంతసేపో తెలియదు. ఉల్లిపాయలు ఎర్రబడి, తీసి పళ్ళెంలో వేసేంతసేపు.

లోపలికి రాగానే నాన్న, "ఫోన్లు చేస్తా. రావద్దని చెప్తా," అన్నారు.

"బయల్దేరుంటారు. చికెన్ కూడా నానింది. రానీయండి."

"వచ్చి ఏం స్తుతిస్తారు?"

అమ్మ మూత తీసి ఎసరు చూసింది. చేతులు కడుక్కుని బియ్యం ఎసట్లో వేసింది. ఎవరికీ చెప్పొద్దని నా వైపు చూసింది. అంత పెద్ద సంగతి కడుపులో పెట్టుకుని వచ్చేవాళ్ళకు చెప్పుల చోటు చూపించడం నా పనయింది. ప్రతి ఆంటీ బుగ్గ గిల్లి "మీ అమ్మ సాధించింది గదే!" అంటుంటే నేను తల ఎటూ తిప్పకుండా నిలబడ్డాను. స్వోర్డ్స్ ఆంటీ కేకు పట్టుకొచ్చింది. తెల్ల క్రీము మీద నీలం అక్షరాలతో "స్టాఫ్ నర్స్" అని ఇంగ్లిషులో రాయించింది. పక్కింటావిడ ఉన్నవాటిలో మంచి కోటు వేసుకుని, ముత్యాల దండ పెట్టుకుని వచ్చి, కార్పెట్ మీద కూర్చోలేక అందరికీ వెనగ్గా కుర్చీలో కూర్చుంది.

పాటలయ్యాయి. మెయ్‌నూత్ అంకుల్ కంజీర వాయించారు. ప్రార్థన అయింది. సాక్ష్యం చెప్పమని ఆంటీ అమ్మను లేపింది. అమ్మ లేచి కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"ఫలితం పొద్దున వచ్చింది. రైటింగులో తప్పింది," అంది.

అంకుల్ చేతిలో కంజీర గాల్లోనే ఆగిపోయింది. ఎవరో "స్తోత్రం" అనబోయి మింగేశారు. స్వోర్డ్స్ ఆంటీ సగం లేచి, "దేవుని చిత్తం చెల్లీ, మనం ఇంకా గట్టిగా..." అని అందుకుంది.

"కూర్చోండక్కా. నన్ను చెప్పుకోనీయండి." అమ్మ ఆగలేదు. "నేను ఏం పని చేస్తానో మీ అందరికీ తెలుసు. మీలో సగం మంది అదే చేస్తన్నారు. ముసలోళ్ళని లేపుతా, కూర్చోబెడతా, తినిపిస్తా, పడుకోబెడతా. ఇష్టంగానే చేస్తా. నా పిల్లోడికి మాత్రం ఇయ్యేమీ చేసి ఎరగను. పాసయినాక, పాసయినాక అనుకుంటా ఉండిపోయినా. వాడు నన్ను ఆంటీ అంటన్నాడు. ఇంకోసారి రాసి, ఇంకోసారి తప్పితే, అప్పుడు ఏమంటాడో. ఇంక నేను ఆగను. నర్సునయినా కాకపోయినా వాణ్ణి తెచ్చుకుంటా. ఎట్టా పెంచుతానో నాకు తెలవదు. తెలవకుండానే తెచ్చుకుంటా. మీరు కృతజ్ఞత చెప్పటానికి వచ్చారు. దీనికి చెప్పండి, చాలు."

కూర్చుంది. నాన్న తల ఎత్తి ఆమె వైపు చూశారు, ఈ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసింది. పక్కింటావిడ నా వీపు మీద పొడిచి, "పాసయిందా?" అని గుసగుసగా అడిగింది. లేదని చెప్పాను. మరి ఏమన్నదని అడిగింది. తమ్ముడు వస్తున్నాడని చెప్పాను.

స్వోర్డ్స్ ఆంటీ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కోపం వచ్చిందనుకున్నాను. వెనకే వెళ్ళి చూస్తే, చాకుతో కేకు మీది నీలం అక్షరాలు ఒక్కొక్కటే గీకి తీస్తోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. గీకిన క్రీము ఏం చెయ్యాలో తెలియక నా చేతిలో పెట్టింది. నేను తినేశాను. అంత బాధలోనూ అది తియ్యగానే ఉంది, ఏం చెయ్యను.

అక్షరాలన్నీ పోయాక ఆంటీ చాకు పట్టుకునే హాల్లోకి వచ్చి, "గురువారాలు నాకు ఆఫ్," అంది. "గురువారం పిల్లోణ్ణి నేను చూసుకుంటా. తక్కినవి చెప్పండి."

"మంగళవారం నాకు ఆఫ్," అంది ఒకావిడ.

"మంగళవారం నీకు ఆఫ్ ఏడుందమ్మా? మొన్న నాతోటి మార్చుకున్నావు గదా!"

"అయితే ఆ డ్యూటీ నువ్వు వెనక్కి తీసుకో."

"శనాదివారాలు మేముంటాం. మా ఆయనకి పనేముంది?"

"నాకు పని లేదని ఎవరన్నారు?" అన్నారు మెయ్‌నూత్ అంకుల్.

అయిదు నిమిషాల్లో ఆ గది చేపల బజారయింది. డ్యూటీలు మార్చుకోవడం వాళ్ళకు రోజూ ఉండే గొడవే. ఎవరి పిల్లాడికి జ్వరం వచ్చినా, ఎవరింట చావు కబురు తెలిసినా, ఇలాగే అరుచుకుని ఒకరి డ్యూటీ ఒకరు మోసేవాళ్ళు. పక్కింటావిడ బడిలో పిల్లలా చెయ్యెత్తి కూర్చుంది. ఎవరూ చూడకపోతే నన్ను మళ్ళీ పొడిచింది. నేను అరిచి చెప్పాను, "పొద్దున పూట ఈవిడ చూసుకుంటుందట!" అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ ఎర్రబడి, "ఎలాగూ నేను అయిదింటికే లేస్తాను," అంది. అప్పుడు చేతులెత్తి అందరూ స్తుతించారు. అమ్మ మాత్రం మొహం కొంగుతో కప్పుకుని కూర్చుంది. ఆ రోజు బిరియానీ అడుగంటింది. ఒక్కరూ వంక పెట్టలేదు.

ఎండాకాలానికి ముందే నాన్న వెళ్ళి వాణ్ణి తెచ్చారు. మొదటి వారాలు భరించడం కష్టమైంది. వాడు అన్నం ముద్ద ఊసేవాడు, తలుపు దగ్గర చెప్పులేసుకుని కూర్చుని ఇంటికి పోదామని ఏడ్చేవాడు. అమ్మ పక్కన పడుకునేవాడు కాదు. అమ్మ ఓపిక పట్టింది. ఎప్పుడు అలవాటుపడ్డాడో ఎవరికీ గుర్తులేదు. అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. వాడు గురువారాలు స్వోర్డ్స్‌లో, శనివారాలు మెయ్‌నూత్‌లో, పొద్దుటి వేళలు పక్కింట్లో రొట్టె మీద వెన్న రాసుకుంటూ పెరిగాడు. అమ్మ మరుసటేడు ఎవరికీ చెప్పకుండా పరీక్ష రాసి పాసయింది. కూడిక పెట్టలేదు. దానికి స్వోర్డ్స్ ఆంటీ నెలరోజులు అలిగింది.

ఆ మనుషులు ఇప్పుడు తలో చోట ఉన్నారు. పక్కింటావిడ పోయింది. నెలవారీ కూడిక ఇప్పుడు అద్దె హాల్లో, మైకులతో జరుగుతుంది. ఎవరి డ్యూటీలు ఎవరికీ తెలియవు. తమ్ముడు మా అందరికన్నా ఎత్తు ఎదిగాడు. డ్రోహెడా యాసలో తప్ప మాట్లాడడు, తెలుగు అర్థమవుతుంది. గుంటూరు గురించి అడిగితే ఏమీ గుర్తులేదంటాడు. వాడి జీవితం మా ఇంట్లోనే మొదలైందని వాడి లెక్క. మేమూ అలాగే అనుకుంటూ వచ్చాం.

కిందటేడు నేను ఒక్కదాన్నే గుంటూరు వెళ్ళాను. పిన్ని ఇంట్లో రెండు రోజులున్నాను. జుట్టు నెరిసింది, నడుము వంగింది. బాబాయి పోయాక ఒక్కతే ఉంటోంది. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే నేనూ సాయం కూర్చున్నాను. మాటల్లో మాటగా, నాన్న తమ్ముణ్ణి తీసుకుపోయిన రోజు గురించి అడిగాను. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయానికి బాబాయి ఒక్కడే వచ్చి వాణ్ణి అప్పగించాడనీ, పిన్నికి బాగా జ్వరమనీ, అందుకే రాలేదనీ నాన్న చెప్పారు. మేమెవరం ఆ జ్వరం తగ్గిందా అని కూడా ఫోను చేసి అడగలేదు. వాడు వస్తున్న సంబరంలో ఉన్నాం.

"అప్పుడు నీకు జ్వరం ఎన్నాళ్ళుంది పిన్నీ?" అని అడిగాను.

పిన్ని చేతిలోని కాయ పక్కన పెట్టింది. "జ్వరం లేదు, గిరం లేదు," అంది. "వచ్చుంటే వాణ్ణి ఇచ్చేదాన్ని కాదే. అందుకే రాలా."

ఆ తర్వాత ఇంకో కాయ తీసుకుంది. మా ఇంట్లో అంతమంది చేతులెత్తి అందరికోసం ప్రార్థించిన ఆ రోజు పిన్ని పేరు ఒక్కరమూ తలుచుకోలేదు.